మంట తగిలిన పైపు

క్రిందటి వారం కొలతమ్మను పాత సామాన్ల కొట్టు వెనకాల వదిలేశాం. తొమ్మిది రోజులుగా ఆమె అడుగుతున్న విరిగిన నిచ్చెన అక్కడ కనబడింది. అది మీటింగ్ హాలు వాళ్ల దగ్గరే ఉందనీ, ఎంత బతిమాలినా ఇవ్వడం లేదనీ ఆమె భర్త చెబుతూ వచ్చాడు. తీరా చూస్తే పగిలిన కుళాయిల కింద, కరగబెట్టడానికి పోయే కుప్పలో ఉంది. ఇక్కడ ఎవరు పడేశారని అడిగితే కొట్టువాడు టీ గ్లాసు దించకుండానే, "మీ ఆయనే కదమ్మా" అన్నాడు.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు ముక్కలు. ఈమె అత్తింటివారిది నిచ్చెనలు చేసే షెడ్డు. మామగారు నలభై ఏళ్లు ఇనుప గేట్లు చేసిన మనిషి, అందుకని వీధిలో అందరూ ఇనుపయ్య అంటారు. ఎవరేం చెప్పినా 'సరే' అనే ఆయన కొడుకు, అంటే ఈమె భర్త, సరేగారు. పైపు మందం కొలిచే వెర్నియర్ చేతిలో లేనిదే గడప దాటని ఈమె కొలతమ్మ. షెడ్డులో అల్యూమినియం పైపు ఎంచేదీ, కొలిచేదీ, మెట్లకు రివెట్లు కొట్టేదీ ఈమే. పది రోజుల క్రితం వాళ్ల నిచ్చెన ఒకటి మీటింగ్ హాల్లో కరెంటు పనివాడి కాళ్ల కింద వంగిపోయింది. పడి అతని తుంటి విరిగింది. పైపు నాసిరకమని హాలు యజమాని అన్నాడు, వీధంతా అంది, ఇంట్లోవాళ్లు కాదనలేదు.

కాదనకపోతే పోనీ. మర్నాడే ఇనుపయ్య కోడలి చేతిలోంచి వెర్నియర్ తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మాయ్" అన్నాడు. ఆమె ఆసుపత్రికి వెళ్లి, కరెంటు పనివాడి భార్య చేతులు పట్టుకుని, "నా ఎంపికే తప్పేమో, మన్నించు తల్లీ" అని ఏడ్చి వచ్చింది. తొమ్మిది రోజులు తనను తానే దొంగను చేసి సోదా చేసుకుంది. ఆ పైపు ఏ లోడులో వచ్చింది, ఆ రోజు తనకు తలనొప్పిగా ఉందా, కళ్లద్దాలు తుడుచుకుని చూసిందా లేదా అని. భార్య అంతలా తనను తాను తినేసుకుంటుంటే పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకున్న మగవాణ్ణి ఏమనాలో రాస్తున్న నాకే తోచడం లేదు.

పదకొండు గంటలకు కొలతమ్మ ఆ నిచ్చెనను తోపుడుబండి మీద వేసుకుని, తానే తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. దారిలో సాయం చేస్తామని ఇద్దరు వస్తే అక్కర్లేదంది. మూడో మనిషి వస్తే అడిగేలోపే అక్కర్లేదంది. బండిని గుమ్మానికి ఆనించి, నిచ్చెనను ఒక కొస పట్టి ఈడ్చి, షెడ్డు మధ్యలో సిమెంటు నేల మీద పడేసింది. ఆ మోతకి గోడవారగా ఉన్న పైపులన్నీ ఒకసారి గొణిగి ఊరుకున్నాయి.

ఇనుపయ్య వెల్డింగు తెర వెనక నుంచి, ముసుగు నుదుటి మీదకు నెట్టుకుంటూ బయటికి వచ్చాడు. సరేగారు నేల మీద పీట వేసుకుని డబ్బాలో బోల్టులు ఏరుతున్నాడు. నిచ్చెన చూశాడు, భార్య ముఖం చూశాడు, మళ్లీ డబ్బాలోకి చూశాడు.

"ఏంటిది?" అన్నాడు ఇనుపయ్య.

"మీ అబ్బాయిని అడగండి మామయ్యా. హాలువాళ్లు ఇవ్వనన్న నిచ్చెన. పాపం, వాళ్ల కళ్లుగప్పి తనంతట తనే నడుచుకుంటూ పాత సామాన్ల కొట్టుకెళ్లి పడుకుంది."

"నేను చెబుదామనే అనుకుంటున్నా..." అన్నాడు సరేగారు.

"ఎప్పుడు? అది కరిగి గిన్నెలైపోయాకా?"

"అరవకు. వీధిలో వింటారు."

"విననివ్వండి! తొమ్మిది రోజులు వాళ్లంటుంటే నేను విన్లేదా? ఇవాళ నేనంటాను, వాళ్లు వింటారు."

ఆమె చీర కుచ్చెళ్లు కాళ్ల మధ్యకి నొక్కి నేల మీద కూర్చుంది. నిచ్చెన పక్క పైపుల్ని అరచేత్తో తుడిచింది. మట్టి పోయి తెల్లటి లోహం బయటపడింది.

"ఇటు రండి మామయ్యా. దూరం నుంచి కాదు, దగ్గరికొచ్చి చూడండి. పైపు నాసిరకమైతే ఎక్కడ వంగాలి? రెండు మెట్ల మధ్యలో, ఎక్కడ ఆసరా లేదో అక్కడ. ఇది ఎక్కడ వంగింది? ఐదో మెట్టు దగ్గర. మెట్టు కలిసే చోటికి సరిగ్గా వేలెడు దూరంలో. ఈ పక్క పైపూ అక్కడే, ఆ పక్క పైపూ అక్కడే. ఇక ఈ మెట్టు చుట్టూ ఉన్నదేంటి?"

మెట్టు పైపులో కలిసే చోట చుట్టూ మెరుస్తూ వెల్డింగు ఉంది. ఒక్క చోట కాదు, పన్నెండు మెట్లకీ అటూ ఇటూ ఉంది. చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీదొకటి ఒరిగినట్టు, ఎక్కడా చెయ్యి వణక్కుండా వేసిన పని. చుట్టుపక్కల అల్యూమినియానికి అంత నీటుగా మంట పెట్టగల చెయ్యి ఒక్కటే ఉంది. దాని రాత ఆ ఇంట్లో ఎవరూ పోల్చుకోలేనిది కాదు.

"నేను దీనికి రివెట్లు కొట్టి, గోడకి నిలబెట్టి, భోజనానికెళ్లాను. నేనొచ్చేసరికి హాలువాళ్లు తీసుకెళ్లిపోయారన్నారు. వెల్డింగ్ ఎవరిది మామయ్యా?"

ఇనుపయ్యకు కోపం వచ్చింది. తప్పు తెలిసి వచ్చిన కోపం కాదు. తన పనిని ఎవరో వేలెత్తి చూపించారన్న కోపం, అది ఇంకా పెద్దది.

"నాదే! అయితే ఏంటి? హాలాయన వచ్చి నిచ్చెన పట్టుకుని ఊపాడు. ఇదేంటయ్యా, నాలుగు మేకులు కొట్టి చేతులు దులుపుకున్నారు, వెల్డింగ్ లేదా అన్నాడు. నా షెడ్డులో నిలబడి, నన్ను! నలభై ఏళ్లు ఈ వీధిలో గేట్లు నిలబెట్టినవాణ్ణి! మంచిదే, కూర్చోండి అని ప్రతి మెట్టుకీ చుట్టూ వేసిచ్చా. నీ రివెట్ల మీద నా వెల్డింగ్. రెట్టింపు బలం. ఇప్పుడు చూపించు, ఒక్క అతుకు ఊడిందా? ఒక్కటంటే ఒక్కటి ఊడితే నా మీసం తీసేస్తా."

"మీసం జాగ్రత్త మామయ్యా, ఒక్కటీ ఊడలేదు. నేను చెప్పేదీ అదే. అతుకు ఊడలేదు. దాని పక్కన పైపు వంగింది."

"అయితే పైపు మెత్తన. ఆ పైపు ఎవరు తెచ్చారు?"

ఈ మాటతో ఆమె లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది కానీ గొంతు పెరగలేదు. ఆమె కోపం బాగా ఎక్కువైనప్పుడు గొంతు తగ్గుతుందని సరేగారికి తెలుసు. పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"నేనే తెచ్చాను. ఎలా తెచ్చానో మీకెప్పుడైనా తెలుసా? పైపుల కొట్టువాడు అన్నీ ఒకటేనమ్మా అంటాడు. పైకి ఒకటే. అదే తెలుపు, అదే సైజు, అదే మెరుపు. కిటికీలకి వాడే మెత్త పైపుకీ దీనికీ కంటికి తేడా ఉండదు. నేను పైపు మీద దాని రకం తెలిపే అచ్చు చదువుతాను. మందం ఒక చోట కొలిచి ఊరుకోను, చుట్టూ నాలుగు చోట్ల కొలుస్తాను, ఒక పక్క పల్చగా ఉంటే వెనక్కి పంపుతాను. రెండు ఇటుకల మీద పెట్టి నేనెక్కి నిలబడతాను. దిగాక పైపు మళ్లీ నిటారుగా వచ్చిందా లేదా అని నేల మీద పడుకుని చూస్తాను. నడిబజారులో, అందరూ నవ్వుతుంటే! వంగితే తప్పు కాదు మామయ్యా, ప్రతి పైపూ కొంచెం వంగుతుంది. దిగాక తిరిగి రావాలి. రానిదాంతో నేనెప్పుడూ నిచ్చెన చెయ్యలేదు."

"మాటలు బాగానే చెప్తావ్."

"మాటలొద్దు. చేసి చూద్దాం."

ఆ నిచ్చెన ఏ పైపులోంచి కోశారో దాని మిగిలిన ముక్క ఇంకా గోడవారగానే ఉంది. తొమ్మిది రోజుల్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే తొమ్మిది రోజుల్లో ఎవరూ కొత్త నిచ్చెన చెయ్యమనలేదు. కొలతమ్మ దాన్ని తీసి మామగారికి అచ్చు చూపించింది. వైస్‌లో బిగించి మూరెడు పొడుగున రెండు ముక్కలు కోసింది. ఒకటి పక్కన పెట్టింది. రెండోది ఆయన చేతికిచ్చింది.

"దీని నడుముకి చుట్టూ వెల్డింగ్ వెయ్యండి. నిచ్చెనకి వేసినట్టే. మీకంటే బాగా వేసేవాళ్లు లేరుగా, మీరే వెయ్యండి."

ఇనుపయ్య వెయ్యనంటే బాగుండేదేమో. కానీ ఆయనకు తన చేతి మీద ఉన్న నమ్మకం అలాంటిది. తెర లాగి, ముసుగు దించి, అల్యూమినియం అతికే ఆర్గాన్ మెషిను ఆన్ చేశాడు. తెర కింద నీలం వెలుగు కాసేపు వణికింది. ముక్కను పట్టకారుతో పట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, "చల్లారనీ" అన్నాడు. వెల్డింగు అద్భుతంగా ఉంది, ఒప్పుకోవాలి. చల్లారేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

రెండు ఇనుప స్టాండ్ల మీద ఆమె మొదట మంట తగలని ముక్కను పెట్టింది. నడుముకి కొక్కెం తగిలించి, దానికి బకెట్టు వేలాడదీసి, అందులో ఇనుప ముక్కలు పోసింది. బకెట్టు నిండింది. దాని మీద పాత మోటారు ఒకటి పెట్టింది. సుత్తులు పెట్టింది. పైపు నడుము కొద్దిగా కిందికి దిగింది. బరువంతా తీసేసి స్కేలు ఆనించి చూపించింది. పైపుకీ స్కేలుకీ మధ్య కాగితం కూడా దూరలేదు.

తరువాత మంట తగిలిన ముక్క పెట్టింది. అదే కొక్కెం, అదే బకెట్టు. బకెట్టు సగం నిండేసరికి పైపు కదిలింది. మోటారు పెట్టగానే చప్పుడు లేకుండా, అలసిపోయిన మనిషి మోకాలు వంచినట్టు వంగుతూ పోయి బకెట్టు నేలకి ఆనింది. బరువు తీసేసినా వంగిన పైపు వంగినట్టే ఉండిపోయింది. ఆమె దాన్ని తీసి ఇనుపయ్య ఒళ్లో పెట్టింది. వంగింది వెల్డింగు దగ్గర కాదు. దానికి వేలెడు దూరంలో.

ఇనుపయ్య బొటనవేలితో ఆ వంపును రుద్దాడు. మళ్లీ రుద్దాడు.

"ఒకే పైపు," అన్నాడు చివరికి.

"ఒకే పైపు. కార్ఖానాలో దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్లీ సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరుస్తారు. మనం ఎక్కువిచ్చి కొనేది ఆ గట్టితనాన్నే. మీ మంట దగ్గరికి రాగానే అదంతా పోయి పైపు కిటికీ పైపులా మెత్తబడుతుంది. మీ గేటుకి వెల్డింగ్ వేస్తే చల్లారాక ఇనుము మళ్లీ ఇనుమే. ఇది ఇనుము కాదు మామయ్యా! ఈ ముక్క ఇవాళ కొత్తగా చెప్తున్నానా? ఆర్గాన్ మెషిను కొన్న రోజు చెప్పలేదూ? కిటికీలకి వాడుకోండి, నిచ్చెనల జోలికి మాత్రం రావద్దని?"

"చెప్పావ్."

"మరి?"

"ఏదో భయపడుతున్నావనుకున్నా." ఆయన వంగిన ముక్కను బల్ల మీద పెట్టాడు. "నాకు తెలియని వెల్డింగ్ నీకెలా తెలుస్తుందిలే అనుకున్నా."

కొలతమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద చెయ్యెత్తలేదు, అంతవరకు అదృష్టం. కానీ ఆయన తెలియక చేశాడు. తెలిసి నోరు మూసుకున్నవాడు ఇంకొకడున్నాడు. ఆమె అటు తిరిగింది.

"మీరు చూశారు. హాల్లోంచి తెచ్చేటప్పుడు ఈ వెల్డింగ్ చూశారు."

"చూశా," అన్నాడు సరేగారు. "కానీ ఎందుకు వంగిందో నాకు తెలీదు, ఒట్టు. నాన్న చెయ్యి పడిందని మాత్రం తెలిసింది."

"తెలిసి?"

"బోర్డు మీద ఉన్నది నాన్న పేరు. నలభై ఏళ్ల పేరు. అది పోతే షెడ్డే పోతుంది. నీదైతే..."

"నాదైతే?"

ఇక్కడ ఆయన ఆగి ఉంటే బాగుండేది. జీవితంలో ఎప్పుడూ ఒక వాక్యం పూర్తిచెయ్యని మనిషి, ఆ రోజే పూర్తిచేశాడు.

"నీదైతే నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారు."

కొలతమ్మ ఆయన ముందున్న బోల్టుల డబ్బా తీసుకుని గోడకేసి కొట్టింది. పొద్దుటినుంచీ ఆయన సైజుల వారీగా ఏరిపెట్టిన బోల్టులన్నీ షెడ్డంతా పరుచుకున్నాయి.

"నేను మర్చిపోతానా? నేను! ఆ ఆసుపత్రిలో ఆ పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చాను. మీరు గుమ్మం దగ్గర నిలబడి చూశారు. అప్పుడు కూడా నోరు రాలేదా? అన్నం పెడితే తిన్నారు, నీళ్లిస్తే తాగారు, నేను మంచం మీద లేచి కూర్చుంటే పడుకో అన్నారు. మీ నాన్నగారి పేరు బోర్డు మీదుంది కాబట్టి పేరు. నా పేరు పాత సామానా, తీసుకెళ్లి కుప్పలో వేసి రావడానికి? పదహారేళ్లు! పదహారేళ్లలో నా చేతి నిచ్చెన ఒక్కటి వంగలేదు. ఆ మాట ఒక్కసారి, ఒక్క మనిషితో అనడానికి మీకేం అడ్డొచ్చింది?"

సరేగారు 'సరే' అనలేదు. వంగి, కాళ్ల దగ్గర పడ్డ బోల్టు ఒకటి తీసి చేతిలో పెట్టుకున్నాడు.

ఇనుపయ్య లేచి, సొరుగు తాళం తీసి, వెర్నియర్ తెచ్చి బల్ల మీద ఆమె ముందు పెట్టాడు. క్షమాపణ చెప్పడం ఆయనకు చేతకాదు, ఆ వయసులో నేర్చుకునేదీ కాదు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇది కాదు నాకు కావాల్సింది. నాతో హాలుకి రండి. వీధిలోకి రండి. కరెంటు పనివాడి మంచం దగ్గరికి రండి. వెల్డింగ్ నాది, పైపు మంచిదే అని మీ నోటితో చెప్పండి."

"వస్తా," అన్నాడాయన. ముసుగు తీసి బల్ల మీద పెట్టాడు. "చొక్కా మార్చుకునొస్తా."

తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి ఆమెకు ఊపిరి పూర్తిగా ఆడింది. కోపం తగ్గలేదు, కానీ కింద నేల గట్టిగా తగిలింది. పని తెలిసిన మనిషి కాబట్టి, ఆ వెంటనే అడగాల్సింది అడిగింది.

"వెల్డింగ్ వేసింది ఈ ఒక్కదానికేగా మామయ్యా? మిగతావన్నీ నా రివెట్లతోనే వెళ్లాయిగా?"

ఇనుపయ్య చొక్కా కోసం కొక్కెం వైపు నడుస్తున్నాడు. చొక్కా అందుకుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండో గుండీ నాలుగో కాజాలోకి పోతోంది.

"నాన్నా," అన్నాడు సరేగారు. ఎవరూ అడక్కుండా ఆయన నోరు తెరవడం ఆ షెడ్డులో అదే మొదటిసారి. "మొన్నటిది చెప్పు."

"మొన్నటిదేంటి?" అంది కొలతమ్మ.

"ఆ కరెంటు పనివాడి బావమరిది లేడూ," అన్నాడు ఇనుపయ్య గోడకేసి చూస్తూ. "మంచం మీదున్న మనిషి ఒప్పుకున్న పనులు చెయ్యడానికి వచ్చాడు. నిచ్చెన లేదన్నాడు. మన నిచ్చెన వల్లే కదా పాపం అని... నేనే ఒకటి ఇచ్చా. ఊరికే ఇచ్చా. నువ్వు చేసి పెట్టినవాటిల్లో పొడుగుది. ఈసారి ఏ పొరపాటూ రాకూడదని, పైపు మీద నమ్మకం లేక..." ఆయన పెట్టిన గుండీ మళ్లీ విప్పాడు. "ప్రతి మెట్టుకీ రెండు చుట్లు వేశా అమ్మాయ్."

ఆమె బండి మీద వదిలేసిన సంచీలోంచి ఫోను తీసి కరెంటు పనివాడి భార్య నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. కట్ చేసి మళ్లీ నొక్కబోతుంటే ఆ అమ్మాయి ఎత్తింది. వెనకాల ఏదో పెద్ద ఖాళీ చోటు, మాట గింగురుమంటోంది.

"అక్కా, చెప్పండక్కా. ఒక చేత్తోనే మాట్లాడుతున్నా, రెండో చెయ్యి నిచ్చెన మీదుంది. గోదాములో ఉన్నాం. మా అన్న పైన లైట్లు బిగిస్తున్నాడు. వాడసలే బరువైన మనిషి, ఆయనకలా అయినప్పటినుంచీ నాకు భయం, అందుకే నేను కూడా వచ్చి కింద పట్టుకుంటున్నా. కానీ మీ మామగారిచ్చిన నిచ్చెన భలే గట్టిగా ఉందక్కా, వెల్డింగ్ చూస్తేనే ధైర్యంగా ఉంది. ఆయనకి నేను దణ్ణం పెట్టానని చెప్పండి."

"మీ అన్న ఎన్నో మెట్టు మీదున్నాడు?" అంది కొలతమ్మ.

"చిట్టచివరిది. ఏం అక్కా?"

దించు అనే మాట కొలతమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అతను దిగాలన్నా, ఆ మెట్లన్నిటి మీదా ఒక్కొక్కటిగా కాలు మోపుకుంటూనే దిగాలి.